ఏడు, ఒకటి, మళ్ళీ ఏడు

2015 అండర్-20 ప్రపంచకప్పులో ఖతార్ కుర్రాళ్ళు మూడు మ్యాచులూ ఓడి ఏడు గోల్సు సమర్పించుకున్నారు. వాళ్ళలో కొందరున్న జట్టే, అదే కోచ్ ఫెలిక్స్ సాంచెజ్‌తో, 2019లో ఆసియా కప్పు గెలిచింది. ఏడు మ్యాచుల్లో ఇచ్చింది ఒక్క గోలు!

మంత్రమేమీ లేదు. ఒక డిఫెండరు ముందుకెళ్తే వెనక ఖాళీ ఎవరు పూడ్చాలో బోర్డు మీద గీస్తే అర్థమవుతుంది. కాళ్ళకి రావడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. 2004లో మొదలైన దోహా ఆస్పైర్ అకాడమీ ఇచ్చింది ఆ ఏళ్ళనే.

మరి 2022 ప్రపంచకప్పులో, సొంతగడ్డ మీద, మళ్ళీ మూడూ ఓడి ఏడు గోల్సు ఎందుకిచ్చారు? నాకనిపించేది ఇదీ: టోర్నీకి ముందు నెలల తరబడి లీగుకి దూరంగా క్యాంపులోనే గడిపారు. ఒకరికొకరు బాగా అలవాటయ్యారు. తొలి మ్యాచులోనే రెండు గోల్సు కొట్టిన ఈక్వెడార్ ఎనర్ వాలెన్సియా లాంటివాళ్ళు అలవాటు కాలేదు. వాళ్ళు క్యాంపులో దొరకరు కదా!