గుర్రాన్ని పరీక్షించడం: నాటి సుళ్ల శాస్త్రం, నేటి షో జంపింగ్



సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల మీద ఆధారపడి బతికే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి వీధుల్లో పెళ్లి ఊరేగింపు కనిపిస్తే పెళ్లికొడుకుతో పాటు ఆయన ఎక్కిన గుర్రాన్ని కూడా గమనించండి. పక్కనే బ్యాండు మోగుతున్నా అది బెదరదు. ఈ పనికి అది పనికివస్తుందని, తర్ఫీదు మొదలుకాకముందే, ఎవరో ఒకరు అంచనా వేసి ఉంటారు. కళ్ల ముందున్న గుర్రాన్ని చూసి అది రేపు ఏం చేయగలదో చెప్పడం చాలా పాత సమస్య. అడ్డుకర్రల మీదుగా గుర్రాన్ని దూకించే షో జంపింగ్ క్రీడలో ఆ సమస్య నేటికీ ఉంది. దాని చరిత్రను ఈ పాఠంలో తెలుసుకుందాం.

సూరత్‌లో తాపీ నది ఒడ్డున మొగలుల కాలంలో పెద్ద రేవు ఉండేది. పడమటి సముద్రం దాటి వచ్చే సరకుల్లో గుర్రాలు కూడా ఉండేవి. మన దేశంలో పుట్టే గుర్రాల్లో కచ్ గుర్రాలు మేలైనవని, అవి అరబ్బీ గుర్రాలకు తీసిపోవని అక్బరు కొలువులోని అబుల్ ఫజల్ ‘అయినీ అక్బరీ’లో రాశాడు.

తెలుగు తీరానికి కూడా గుర్రాలు ఓడల మీదే వచ్చాయి. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనాన్ని గుర్తు చేసుకోండి. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని, తాను అలా చేయనని ఆయన అందులో ప్రకటించాడు. ఆనాటి అశ్వదళ నాయకులను ‘సాహిణి’ అనేవారు. భాస్కర రామాయణం అంకితం పొందిన సాహిణి మారన అలాంటివాడే.

విజయనగర కాలానికి ఈ అవసరం మరింత పెరిగింది. 1530లలో ఆ నగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ ఒక విచిత్రమైన సంగతి రాశాడు. సాళువ నరసింహుడు సముద్రంలో చనిపోయిన గుర్రాలకు సైతం వెల చెల్లించేవాడట. వర్తకులు వాటి తోక తెచ్చి చూపితే చాలు! కృష్ణదేవరాయలు ఏటా పదమూడు వేల గుర్రాలు కొని, మేలైనవి తన శాలకు ఉంచుకుని మిగిలినవి నాయకులకు ఇచ్చేవాడని కూడా ఆయనే రాశాడు. అంటే ఎంపికలో తేడా వస్తే దాని ఫలితం యుద్ధంలో రౌతు ప్రాణానికే వచ్చేది.

మరి ఏం చూసి ఎంచేవారు? మన వాళ్లు ఇందుకు ఒక శాస్త్రమే తయారు చేసుకున్నారు. శాలిహోత్రుడు, నకులుడు అశ్వశాస్త్ర కర్తలుగా ప్రసిద్ధులు. విరాటుని కొలువులో దామగ్రంథి పేరుతో గుర్రాల పని చూసిన నకులుణ్ణి మీరు తెలుగు భారతంలో చదివే ఉంటారు. మనుమంచిభట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగులోనే పద్యగ్రంథం రాశాడు. ఈ శాస్త్రంలో రెండు పాయలు కనిపిస్తాయి. ఒకటి, ఒంటి రంగును, వెంట్రుకల సుళ్లను బట్టి శుభాశుభాలు చెప్పేది. రెండోది, అవయవాల పొందికను, వయసును తెలిపే పళ్లను, నడకను పరిశీలించేది. గుర్రం నడకలను ‘ధారలు’ అని ఐదుగా విభజించారు. వాటిలో ఎగిరి దూకే నడకకు ‘ప్లుతం’ అని పేరు. ఓడ దిగి నీరసించిన గుర్రాన్ని పరుగెత్తించి చూడటం కష్టం. సుడి మాత్రం నిలబడ్డ చోటే కనిపిస్తుంది. మొదటి పాయ అంతకాలం నిలవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇక షో జంపింగ్ విషయానికి వద్దాం. 1900 పారిస్ ఒలింపిక్స్‌లోనే గుర్రాల దూకుడు పోటీలు జరిగాయి. అప్పట్లో రౌతులు అడ్డుకర్ర దగ్గర వెనక్కి వాలి కళ్లెం లాగేవారు. ఇటలీ సైనికాధికారి ఫెదెరికో కాప్రిల్లి (1868–1907) రౌతు లేకుండా గుర్రం ఎలా దూకుతుందో శ్రద్ధగా గమనించాడు. అది మెడ చాచి, వీపును విల్లులా వంచుతుంది. అందుచేత రౌతు ముందుకు వంగి దాని కదలికకు అడ్డు రాకూడదని ఆయన బోధించాడు. క్రమంగా ప్రపంచమంతా ఈ పద్ధతినే అనుసరించింది.

నేటి పరీక్ష కూడా ఇలాగే సాగుతుంది. తర్ఫీదు లేని గుర్రాన్ని జీను లేకుండా, కంచె కట్టిన దారిలో చిన్న అడ్డుకర్రల మీదుగా వదులుతారు. ముందు భుజం వాలు, వెనుక తుంటి బలం, గిట్టల ఆరోగ్యం, లయ తప్పని దౌడు చూస్తారు. దూకేటప్పుడు ముందు మోకాళ్లు సమంగా పైకి ముడుచుకుంటున్నాయా, అడుగు సరిపోనప్పుడు తానే సరిచేసుకుంటోందా అని గమనిస్తారు. అన్నిటికన్నా ముఖ్యమైనది, కర్ర తగిలి పడ్డాక ఏం చేస్తుందన్నది. భయపడి ఆగిపోయే గుర్రం ఒకటి. మరుసటిసారి మరికాస్త జాగ్రత్తగా ఎగిరే గుర్రం మరొకటి. అయితే గుర్రం వెన్నెముక పూర్తిగా ఎదగడానికి ఐదారేళ్లు పడుతుంది. పిల్ల గుర్రం ఎంత ఎత్తు దూకగలదో ఒక్కరోజులో తేల్చుకోవాలని చూస్తే దాని కాళ్లే చెడిపోతాయి.

ఇంత చూసినా కన్ను పొరబడుతుంది. చిలీ దేశపు హువాసో మొదట పందెపు గుర్రం, అక్కడ రాణించలేదు. 1949 ఫిబ్రవరి 5న అల్బెర్తో లారాగిబెల్ స్వారీలో అది 2.47 మీటర్ల ఎత్తు దూకింది. ఆ రికార్డు నేటికీ చెరగలేదు. అమెరికాలో స్నోమ్యాన్ అనే గుర్రం నాగలి లాగి అలసి, 1956లో కబేళాకు పోయే బండి ఎక్కింది. హ్యారీ డి లేయర్ అనే స్వారీ గురువు దాన్ని 80 డాలర్లకు కొని, తర్వాత పొరుగాయనకు అమ్మేశాడు. అది కంచెలు దూకి మళ్లీ ఆయన దగ్గరకే వచ్చింది! 1958 నాటికి అది దేశంలోనే మేటి జంపర్ అయింది. కొన్నవాడు కూడా దాని సత్తాను మొదట గుర్తించలేదు. ఆ కంచె ఎదురయ్యాకే అది బయటపడింది.

విద్యార్థులారా! సుడిని చూసి తీర్పు చెప్పినవారు నిలబడ్డ గుర్రాన్నే చూశారు. కాప్రిల్లి కదిలే గుర్రాన్ని చూశాడు. స్నోమ్యాన్ విషయంలో గుర్రానికి రెండో అవకాశం దొరికింది. ఈసారి లింబాయత్‌లోనో, మీ ఊళ్లోనో గుర్రం కనిపిస్తే దాని రంగు దగ్గరే ఆగిపోకండి. అది ఎలా అడుగు వేస్తోందో, బెదిరిన తర్వాత ఎంతసేపటికి తేరుకుంటోందో గమనించి నోటు పుస్తకంలో రాసుకోండి.