లవింగ్ కౌంటీ (టెక్సాస్)

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో పడమట, న్యూ మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉన్న కౌంటీ. ముఖ్యపట్టణం మెంటోన్. విస్తీర్ణం సుమారు 1,750 చదరపు కిలోమీటర్లు. 2020 జనగణన నాటికి జనాభా 64. దేశంలో అంతకంటే తక్కువమంది ఉన్న కౌంటీ అప్పటికి మరొకటి లేదు.

1867లో పీకస్ నది ఒడ్డున కొమాంచీ తెగవారి దాడిలో గాయపడి, ఫోర్ట్ సమ్నర్‌లో చనిపోయిన పశువుల వ్యాపారి ఆలివర్ లవింగ్ పేరు దీనికి పెట్టారు. 1887లో టామ్ గ్రీన్ కౌంటీ నుంచి విడదీశారు. టెక్సాస్‌లో శాసనసభ హద్దులు గీసినంత మాత్రాన కౌంటీకి సొంత పాలన రాదు. స్థానికులు అర్జీ పెట్టుకుని, ఎన్నికల్లో అధికారులను ఎన్నుకోవాలి. 1890 జనగణనలో ఇక్కడ తేలినవారు ముగ్గురే. మూడేళ్లకే 150 పేర్లతో అర్జీ దాఖలై, కౌంటీకి పాలన ఏర్పడింది! పీకస్ నీటితో సాగు చేయిస్తామంటూ డెన్వర్ నుంచి దిగిన కాలువల కంపెనీ వాళ్లు ఆడించిన నాటకమది. మోసం బయటపడేసరికి వాళ్లు ఉడాయించారు. 1897లో శాసనసభ కౌంటీ పాలనను రద్దుచేసి, ఆ ప్రాంతాన్ని రీవ్స్ కౌంటీకి అప్పగించింది.

నీళ్ల పేరు చెప్పి నిలబెట్టలేకపోయిన కౌంటీని చమురు నిలబెట్టింది. 1921లో ఇక్కడ చమురు జాడ దొరికింది. 1925లో వీట్ క్షేత్రం వెలుగులోకి వచ్చింది. బావుల వెంట కూలీలు, కార్మికులు, దుకాణాలు వచ్చాయి. 1931లో కౌంటీకి పాలన మళ్లీ ఏర్పడింది. టెక్సాస్‌లో ఇలా రెండుసార్లు ఏర్పాటైన కౌంటీ ఇదొక్కటే. కాలువల కంపెనీ నాటి పాత మెంటోన్ ఎప్పుడో అంతరించడంతో అదే పేరుతో కొత్త ఊరు ముఖ్యపట్టణమైంది. 1935లో అక్కడ కోర్టు భవనం కట్టారు. 1940 జనగణనలో జనాభా 285కు చేరింది. ఆ అంకెను కౌంటీ ఆ తర్వాత ఏ జనగణనలోనూ అందుకోలేదు.

తాగునీటి కొరత మాత్రం తీరలేదు. భూగర్భజలం ఉప్పన, పీకస్ నీళ్లూ అంతే. దశాబ్దాల పాటు మంచినీళ్లు బయటి నుంచి తోలించుకున్నారు. మెంటోన్‌కు నీటి సరఫరా వ్యవస్థ 1988లో గానీ రాలేదు.

2010ల్లో షేల్ డ్రిల్లింగ్‌తో ఈ కౌంటీ ఉన్న డెలావేర్ బేసిన్ చమురు ప్రాంతం మళ్లీ ఊపందుకుని, దేశంలో ముడిచమురు ఎక్కువగా తీసే కౌంటీల్లో లవింగ్ ఒకటైంది. రోడ్లన్నీ లారీలతో నిండినా జనగణన అంకె పెరగలేదు. శిబిరాల్లో ఉండి పనిచేసే కార్మికుల్లో ఎక్కువమంది సొంత ఇళ్లు వేరే ఊళ్లలో ఉన్నాయి.