మందు కూరే ఇంట్లో పాటించిన కట్టుబాట్లు

అల్లూరి సీతారామరాజు పాఠం చెప్పేటప్పుడు మేము ఏటా మూడు పోలీసు స్టేషన్ల దగ్గర కాసేపు ఆగుతాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు పితూరీదారుల చేతికి వచ్చాయి. ఒక ఏడు ఐదో తరగతి పిల్లవాడొకడు లేచి, "మేస్టారూ, ఆ తూటాలు అయిపోయాక మనోళ్లు ఏం చేశారు?" అని అడిగాడు.

నల్లబల్ల మీద భాగహారం వేయించాం. ఒక్కో తుపాకికి వంద తూటాలు కూడా రాలేదు. పోరాటం మాత్రం 1924 మే దాకా సాగింది. అవతల మలబారు స్పెషల్ పోలీసులు, వాళ్ల లూయిస్ మర తుపాకులు. ఆ తర్వాత అస్సాం రైఫిల్స్ దిగింది. పిల్లవాడి ప్రశ్న చిన్నది కాదని అప్పుడు తెలిసింది. దానికి జవాబు వెతుకుతూ పోతే మా ఊళ్ల పెద్దల దగ్గరకే చేరాం.

ముందుగా తూటా అంటే ఏమిటో చూద్దాం. ఒక ఇత్తడి గొట్టం, దాని అడుగున దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే టోపీ, లోపల కొలిచి పోసిన మందు, మూతికి సీసపు గుండు. ఒకసారి పేలాక మిగిలేది ఖాళీ ఇత్తడి డొల్ల. దాన్ని మళ్లీ నింపాలంటే సరిపడే టోపీ, సరైన మందు, పనిముట్లు కావాలి. అవి కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో, పూనా దగ్గర కిర్కీలో ఉన్న సర్కారు కర్మాగారాల్లో దొరుకుతాయి గాని కొండ మీద దొరకవు. అందుకే పట్టుకొచ్చిన తుపాకి ఎంత మంచిదైనా తూటాలు అయిపోతే అది ఒట్టి ఇనుప కర్రే.

కొండ మీద మొదటినుంచీ ఉన్నది వేరే తుపాకి. మూతిలోంచి మందు కూరే నాటు తుపాకి. దానికి కర్మాగారంతో పని లేదు. ఇంటి యజమానే ప్రతిసారీ మందు పోసి, గుడ్డపీలిక పెట్టి, గుండ్లు వేసి, కడ్డీతో కూరుకుంటాడు. పంట మీద పడే అడవి పందుల్ని తరమడానికి, చైత్రంలో ఇటుకల పండక్కి వేటకు పోవడానికి విల్లు, బల్లెంతో పాటు ఇదీ ఉండేది. అంటే మందుగుండు నింపే పని మన దగ్గర పట్నం కార్ఖానాలో కాదు, ఇంటి అరుగు మీద జరిగింది. పిల్లలు ఆడుకునే చోట, పొయ్యి రగిలే చోట, గడ్డికప్పు కింద. అంత ప్రమాదమైన పని అన్ని తరాలు ఇంట్లో జరిగిందంటే దానికి కట్టుబాట్లు లేకుండా ఎలా ఉంటాయి?

ఆ కట్టుబాట్లు ఏమిటో మేము కొందరు ముసలివాళ్లను అడిగాం. మొదట ఎవరూ నోరు విప్పలేదు. పేర్లు రాయబోమని చెప్పాక ఒక్కొక్కటే చెప్పారు.

మందు ముట్టుకునే పని పగటిపూటే. దీపం వెలుతురులో చేయకూడదు. పొయ్యికి దూరంగా, ఆరుబయట కూర్చోవాలి. చుట్ట కాల్చేవాడు ఆ దాపులకు రాకూడదు. మందు ఉంచేది కొమ్ములోనో ఆనపకాయ బుర్రలోనో, అదీ కొద్దికొద్దిగానే. ఒకరి మందు ఇంకొకరి మందులో కలపకూడదు, ఎందుకంటే రెండింటి వేగం ఒకటి కాదు. కొలతకు ప్రతి ఇంటికీ ఒక వెదురు గొట్టం ఉండేది. అది దాటితే తుపాకి గొట్టమే పగులుతుంది. కూరేటప్పుడు ఎవరూ పలకరించకూడదు. మాటల్లో పడి రెండోసారి మందు పోసేవాళ్లుంటారు గనక. కూరి ఉందో లేదో తెలియడానికి కడ్డీ మీద గాటు పెట్టేవారు. తుపాకి మూతి ఎప్పుడూ ఆకాశం వైపే. టోపీ పెట్టడం అడవిలోకి వెళ్లాకే, ఇంట్లో ఎన్నడూ కాదు. పేలకపోతే వెంటనే మూతిలోకి తొంగి చూడకూడదు. కాసేపు అలాగే పట్టుకుని ఆగాలి. కాల్చిన గొట్టం చల్లారకుండా మళ్లీ మందు పోయకూడదు, లోపల నిప్పురవ్వ మిగిలి ఉండవచ్చు.

అమెరికాలో వేటగాళ్లు చట్టం ఒప్పుకున్న మేరకు ఖాళీ తూటాలను ఇంట్లోనే మళ్లీ నింపుకుంటారు. వాళ్లకు అచ్చు పుస్తకాలున్నాయి. బల్ల మీద ఒక్క రకం మందే ఉంచు, రెండు రకాలు కలపకు, పొగ తాగకు, ధ్యాస మళ్లనీయకు, రెండుసార్లు పోయలేదని చూసుకో, కళ్లద్దాలు పెట్టుకో అని వాటిలో ఉంటుంది. కళ్లద్దాల సంగతి తప్ప మిగిలినవన్నీ మన ముసలివాళ్లు చెప్పినవే. అక్షరం రాని మనుషులు చూసి, దెబ్బతిని, ఆలోచించి ఈ కట్టుబాట్లు చేసుకున్నారు. ఆదివాసీ అనగానే మొరటు, అజాగ్రత్త అనుకునేవాళ్లకు ఇది చెప్పాలి.

అయితే ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. మా చిన్నాన్నకు కుడిచేతి రెండు వేళ్లు లేవు. గొడ్డలి వేటు పడిందని ఇంట్లో చెప్పేవారు. మేము టీచరు ట్రైనింగు పూర్తిచేసి వచ్చిన ఏడు ఆయనే అసలు సంగతి చెప్పాడు. ముసురు రోజుల్లో మందు చెమ్మగిలిందని పొయ్యి పక్కన ఆరబెట్టాడు. ఆస్పత్రికి పోతే కేసు అవుతుందని పసరు కట్టించుకుని మూడు నెలలు ఇంట్లోనే పడి ఉన్నాడు. "పొయ్యి దగ్గర పెట్టకూడదని మీకు తెలీదా చిన్నాన్నా?" అని అడిగాం. "మా అయ్యకు తెలుసు. నాకు చెప్పేలోగా ఆయన పోయాడు. ఇంకెవర్నడగాల్రా, అడిగితే తుపాకి ఉందని తెలిసిపోదా?" అన్నాడు.

ఈ కథకు మూలం చరిత్రలో ఉంది. 1878లో లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం వచ్చి తుపాకికి లైసెన్సు కావాలంది. మరుసటి ఏడే, 1879లో, రంప పితూరీ లేచింది. కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ దానికి కారణాలు. అప్పటినుంచి కొండమనిషి చేతిలో తుపాకి కనిపిస్తే సర్కారుకు పితూరీయే కనిపించింది. స్వతంత్రం వచ్చాక 1959 చట్టం పాతదాని స్థానంలోకి వచ్చింది. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం, మందుగుండు తయారుచేయడం ఇప్పుడూ నేరమే. 2019 సవరణతో శిక్షలు ఇంకా పెరిగాయి. 1972 వన్యప్రాణి చట్టంతో వేటా నేరమైంది. తుపాకి అటకెక్కింది. దానితో పాటు కట్టుబాట్లూ అటకెక్కాయి. తుపాకి దొంగచాటుదయ్యేసరికి దాని జాగ్రత్త కూడా దొంగచాటుదైంది. ఒకింట్లో జరిగిన ప్రమాదం పక్కింటికి పాఠం కాలేదు.

చట్టం తప్పని మేము అనడం లేదు. తుపాకులు మళ్లీ దించమనీ అనడం లేదు. ఆ రోజులు పోయాయి. మన పిల్లల చేతిలో పుస్తకం ఉండాలనే మేము ఈ ఉద్యోగంలో ఉన్నాం. మౌనం వల్ల ఇంకో చేయి పోకూడదన్నదే మా బాధ.

అందుకే యువతకు రెండు మాటలు. తాత పెట్టెలోనో అటక మీదో పాత తుపాకి, మందు, టోపీలు కనబడితే ముట్టుకోవద్దు. ఎన్నేళ్లయినా తుపాకి ఖాళీగా ఉందనుకోవద్దు. మందును పొయ్యిలో వేయొద్దు, తమాషాకు అంటించొద్దు. పెద్దలకు చెప్పండి. ఊరంతా కూర్చుని మాట్లాడుకుని, సర్పంచును వెంటబెట్టుకుని అధికారులకు అప్పగించండి. పందులకు పెట్టే నాటు బాంబుల జోలికి అసలే పోవద్దు. వాటికి పందీ ఆవూ పసిబిడ్డా తేడా తెలియదు. ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి. కేసు సంగతి ఏదైనా సరే డాక్టరు ముందు ప్రాణం కాపాడాలని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మా చిన్నాన్నకు ఈ సంగతి చెప్పేవాళ్లు లేరు. మీకు మేమున్నాం.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. పితూరీ పాఠం తేదీలతో ముగించకండి. ముసలివాళ్లను బడికి పిలవండి. తుపాకి ఎలా కాల్చారని కాదు, ఎలా జాగ్రత్తపడ్డారని అడగండి. చెప్పింది రాసిపెట్టండి.

ఆ పిల్లవాడి ప్రశ్నకు ఇప్పుడు మేము ఇలా చెబుతున్నాం: "తూటాలు తరిగేకొద్దీ ఒక్కొక్కటీ లెక్క చూసుకోవాల్సిందే బాబూ. మన సొంత తుపాకిలో మందు కూరేటప్పుడు కూడా మనోళ్లు అంత లెక్కగానే ఉండేవారు. ఆ లెక్క తప్పిన ఇంటి కథ కూడా ఒకటుంది, విను."