రవిక, కుప్పసము, కార్సెట్టు

పలమనేరునుండి పుంగనూరునకు పోవు మార్గమున పెద్దపంజాణి ఉన్నది. అచ్చటినుండి పడమరగా సాగినచో కోలారు సీమ, కన్నడము. దక్షిణముగా కుప్పము దాటినచో తమిళము. భాష మారును గాని ఒక్క మాట మాత్రము మారదు. తెలుగున రవిక, కన్నడమున రవికె, తమిళమున రవిక్కై. పల్లెవారి నోట అది రైక. ఈ మాట మాదియే యని మూడు భాషలవారును వాదమునకు దిగినచో తగవు తీర్చుట కష్టమే. మేము ఆ తగవులోనికి పోక, ఆ వస్త్రమును ఎట్లు కుట్టిరి, ఎవరు తొడిగిరి, ఎవరిని తొడుగనీయరైరి అను సంగతులను మాత్రమే ఇచ్చట విన్నవింపదలచితిమి.

రవికకంటె పాతమాటలు రెండున్నవి. అమరకోశమున చోలము, కూర్పాసకము అను పేర్లు ఈ తొడుగునకే కలవు. కూర్పాసకమే తెలుగున కుప్పసమై, కుబుసమై, తుదకు పాము విడిచిన పొరకు పేరైనది. కంచుకమునకును ఇదే గతి: స్త్రీల తొడుగును కంచుకమే, యోధుని కవచమును కంచుకమే, పాము పొరయు కంచుకమే. ఒంటికి చర్మమువలె అంటియుండునది యను భావము రెండు మాటలయందును ఉన్నది. సంస్కృత నాటకములలో అంతఃపురమును కనిపెట్టియుండు వృద్ధునకు కంచుకి యను పేరు అతడు తొడిగిన అంగీని బట్టియే వచ్చెను. ఉత్తర కర్ణాటకమున నేటికిని గర్భిణికి చేయు వేడుకకు కుబుసమనియే పేరు. అచ్చటి గుళేదగుడ్డలో నేయు ఖణమను బట్ట రవికల కొరకే పుట్టినది.

తెలుగు రవికను ఇంగ్లీషున చెప్పవలసినప్పుడు వాడు మాట బాడీసు. ఈ మాటకు ఒక చరిత్ర ఉన్నది. పూర్వము ఐరోపా స్త్రీలు నడుమునకు తొడిగిన బిగుతైన కవచమును అచ్చటివారు ‘ఒక జత బాడీలు’ అనెడివారు. ముందుభాగమొకటి, వెనుకభాగమొకటి గనుక. ఆ బాడీలే బాడీసైనవి. ఆ కవచమే క్రమముగా కార్సెట్టైనది. కనుక, మన రైకకు ఇంగ్లీషున దొరకిన పేరు ఎముకల కవచపు పేరు. ఎముక యనుటయు లోకవాడుకయే. అది తిమింగలపు నోటిలో పండ్లకు బదులుగా దువ్వెనవలె వ్రేలాడు పలకలను చీల్చి తీసిన బద్ద. తేలికగా వంగును, విరుగదు, వేడిచేసిన కోరిన ఆకారము పట్టును. తరువాత ఉక్కుబద్దలు దాని స్థానమును ఆక్రమించెను.

కార్సెట్టు కుట్టుట సామాన్యమైన పని కాదు. గట్టి నూలుబట్టను ముక్కలుగా కత్తిరించి, నడుమువద్ద సన్నగిల్లునట్లు జోడింతురు. రెండు పొరల నడుమ వ్రేలి వెడల్పున నిలువు గొట్టములు కుట్టి, వాటిలో బద్దలను దూర్తురు. బద్ద కొస బట్టను పొడుచుకొని పైకి రాకుండ ఆ చోట పట్టుదారముతో అల్లికకుట్టు వేయుదురు. అలంకారముగా కనిపించు ఆ కుట్టు నిజమునకు బందోబస్తు. పైయంచును క్రిందియంచును పట్టీతో మూయుదురు. వెనుక రెండు వరుసల కన్నములలో త్రాడు అల్లుదురు. కేవలము దారముతో కుట్టిన కన్నములు గట్టిగా లాగినచో చినిగెడివి. 19వ శతాబ్దిలో లోహపు కన్నములు వచ్చిన పిమ్మట ఎంతగా లాగినను బట్ట ఓర్చుకొన్నది. ఓర్చుకొనవలసినది ఇక ఒళ్లే. కొత్త కార్సెట్టును తొలిదినముననే బిగింపరు. కొత్త చెప్పులవలె కొద్దికొద్దిగా అలవాటు చేసుకొందురు. ముందువైపు కొక్కెములు గల ఉక్కుపట్టీ వచ్చువరకు దానిని తొడుగుటకు మరియొకరి చేయి సామాన్యముగా కావలసియుండెడిది.

మన ముడిరైక ఇందుకు పూర్తిగా వేరైన తెలివితో పుట్టినది. వీపునకొక ముక్క, ముందునకు రెండు, చేతులకు రెండు. చంకక్రింద నాలుగు పలకల చిన్న ముక్క నొకదానిని ఏటవాలుగా అతుకుదురు. చేయి పైకెత్తినపుడు బట్ట పట్టకుండ కాపాడునది ఆ ముక్కయే. కలుపు తీసినను, నీరు తోడినను, రోకలి ఎత్తినను దానిమీదనే బరువు పడును గనుక అచ్చట కుట్టు దగ్గరగా, రెండుమారులు వేయుదురు. గుండీ లేదు, కాజా లేదు, కొక్కెము లేదు. ముందుముక్కల కొసలను పొడుగుగా విడిచి, రొమ్ము క్రింద దగ్గరకు లాగి ముడివేయుదురు. ఆ ముడియే ఆధారము. పిల్లకు పాలిచ్చు తల్లి ముడి వదులుచేసికొనును. కడుపు పండిన నెలలలో కొంచెము జారవిడుచును. బిగువు ఎంతయో నిర్ణయించునది తొడిగిన చేయియే. చేతుల అంచున చీర అంచునకు సరిపడు పట్టీ వేయుట మాత్రమే దాని సింగారము. 1914లో అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జేకబ్ అను యువతి రెండు పట్టు చేతిరుమాళ్లను రిబ్బనుతో కలిపి కుట్టి, కార్సెట్టునకు బదులుగా తొడిగి, దానికి పేటెంటు పొందెను. ఐరోపా, అమెరికాలలో అది పెద్ద మార్పు. ముడిరైకను ఎరిగిన అవ్వకు చూపినచో ఏమనియుండెడిదో!

రైకకు చుట్టమొకటి ఈ కొండల నడుమనే ఉన్నది. సుగాలీ తండాల స్త్రీలు తొడుగు కాంచళి పేరు కంచుకమునుండి వచ్చినదే. ముందు నిండుగా అద్దములు, గవ్వలు, రంగుదారముల అల్లిక. వెనుక వీపంతయు తెరపియే, త్రాళ్లతో ముడి. వెనుక త్రాడు గలదు గనుక కార్సెట్టును తలపించును గాని, అందులో బద్ద లేదు, ఊపిరికి అడ్డు లేదు.

కుట్టిన బట్టకు మన దేశమున గౌరవమును ఉన్నది, శంకయు ఉన్నది. 16వ శతాబ్దినాటి లేపాక్షి చిత్రములలో రాజోద్యోగులు పొడుగైన కబాయి తొడిగి, కుళ్లాయి పెట్టుకొని కనిపింతురు. కబాయి అరబ్బీ మాట. కొలువునకు అది మర్యాద దుస్తు. తిరుమల ఆలయమున చేతులు జోడించి నిలిచిన శ్రీకృష్ణదేవరాయల విగ్రహమున కుళ్లాయి ఉన్నది గాని ఒంటిమీద అంగీ లేదు. కొలువున కుట్టిన బట్ట, దేవుని ఎదుట కుట్టని బట్ట. మడికట్టుకొని వంటచేయు ఇల్లాండ్రు రవిక విప్పుటయు ఈ లెక్కలోనిదే. రవిక లేకుండుట ఒకప్పుడు సిగ్గునకు గాక శుచికి గుర్తై యుండెనను సంగతి నేటివారికి వింతగా తోచవచ్చును.

అయితే, తాను విప్పుట వేరు, పరులు విప్పించుట వేరు. తిరువాన్కూరున నాడారు స్త్రీలు రొమ్ము కప్పుకొనుటకు దశాబ్దముల తరబడి పోరాడవలసి వచ్చెను. 1829నాటి శాసనము క్రైస్తవము పుచ్చుకొన్న నాడారు స్త్రీలకు కుప్పాయమును, అనగా మన కుప్పసమునకు చుట్టమైన చొక్కాను, అనుమతించి, పైబట్టను మాత్రము నిషేధించెను. ఎన్నో అల్లరులు జరిగిన పిమ్మట 1859లో వచ్చిన ప్రకటన సైతము, కప్పుకొనవచ్చును గాని పైకులముల స్త్రీలవలె కప్పుకొనరాదనెను. తెలుగు బ్రాహ్మణ గృహములలో శిరోముండనమైన వితంతువునకు రవిక నిషిద్ధము. బొట్టు, గాజులతోపాటు అదియు పోయెడిది. పదేండ్ల బాలికయైనను సరియే. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఆ సంవత్సరముననే లండనున స్త్రీలు కొందరు హేతుబద్ధమైన దుస్తుల కొరకు సంఘము స్థాపించి, బిగుతు కార్సెట్టు ప్రాణములు తీయుచున్నదనియు, లోదుస్తుల బరువు ఏడు పౌనులకు మించరాదనియు వాదించిరి. అచ్చట విప్పుటకు ఉద్యమము, ఇచ్చట తొడుగుటకు. రెంటియందును అడిగినది ఒకటియే: మా ఒంటిమీది బట్టను మేము నిర్ణయించుకొందుము.

రైక జాకెట్టైన కథలో ఠాకూరుల ఇంటివారికి పాత్ర ఉన్నది. సత్యేంద్రనాథ ఠాకూరుగారి భార్య జ్ఞానదానందినీదేవి 1860 దశకమున భర్త ఉద్యోగమునుబట్టి బొంబాయికి పోయి, పారసీ స్త్రీల కట్టును చూచి, లంగా, జాకెట్టులతో కూడిన చీరకట్టును వంగదేశమునకు తెచ్చెను. ఆమె మరిదియే రవీంద్రనాథుడు. ఆయన 1919లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విడిదిచేసి ‘జనగణమన’కు ఇంగ్లీషు అనువాదము వ్రాసిన సంగతి మన జిల్లావారికి క్రొత్త కాదు. దానికి స్వరము కూర్చుటలో తోడ్పడిన ఐర్లండు వనిత మార్గరెట్ కజిన్స్ కార్సెట్టు వాడుక బలముగా నున్న కాలమున పెరిగి, స్త్రీల ఓటుహక్కునకై లండనున జైలునకు పోయి, 1915లో భర్తతో ఈ దేశమునకు వచ్చెను. 1917లో అడయారున భారత స్త్రీ సంఘమును స్థాపించినవారిలో ఆమె ముఖ్యురాలు. ఆ సంఘపు శాఖలలో అక్షరములతోపాటు కుట్టుపనియు నేర్పెడివారు. బుట్టలో పెట్టుకొని కుట్టుట అనాదినుండియు ఆడువారి పనియే. దానిని తరగతిగా చేసి, ఇల్లు దాటి పదిమందిలో కూర్చుండబెట్టుటయే క్రొత్త.

తరువాత కుట్టుయంత్రము వచ్చెను. మొదట సింగరు, 1930 దశకమునుండి కలకత్తాలో తయారైన ఉషా. ముడి పోయి కొక్కెములు వచ్చెను; చంకముక్క పోయి టక్కులు వచ్చెను. యంత్రము ముందు కూర్చున్న దర్జీ ఒంటి కొలత తీసి, ఒంటికి సరిపోవునట్లు కుట్టును. సరిపోవుట మంచిదే గాని, ఆ కొలత ఒక్క సంవత్సరమునకే సరి. ముడిరైక పెండ్లినాటినుండి మనుమల కాలమువరకు అదే కొలతతో నడిచెడిది. ఇటీవల వీపున త్రాళ్లు, వాటి కొసల కుచ్చులు పెట్టించుకొను వాడుకయు వచ్చినది. కాంచళి కట్టిన సుగాలీ ఆడువారికి అది క్రొత్తగా తోచదు.

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో నేయు పట్టుచీరకు తోడుగా రవికముక్కయు నేయుదురు. పేరంటమున తాంబూలముతో ఇచ్చునదియు, వరలక్ష్మీ కలశమునకు చుట్టునదియు రవికగుడ్డయే. వాటిలో చాలభాగము కుట్టునకు ఎక్కదు. ఒక ఇంట పుచ్చుకొన్న ముక్క పెట్టెలో కొన్నాళ్లుండి, పసుపు మరకతో మరియొక ఇంటికి, అచ్చటినుండి వేరొక ఇంటికి పోవుచుండును. తిరిగి తిరిగి ఇచ్చినవారి ఇంటికే వచ్చిన ముక్కలును లేకపోలేదు.