ఆల్ప్స్ కనుమలు, తనకల్లు మిట్టలు

కదిరి సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. మదనపల్లె ఎత్తు 700 మీటర్లకు దగ్గర. ఈ రెంటినీ కలిపే 42వ నంబరు జాతీయ రహదారి మీద కారులో పోయేవాళ్లకు ఆ తేడా తెలియదు. సైకిలు మీద పోయేవాళ్లకు మాత్రం నల్లచెరువు దాటి తనకల్లు చేరేసరికి తొడలు చెబుతాయి. మిట్ట ఎక్కితే పల్లం వస్తుంది, పల్లం దిగగానే మరో మిట్ట లేస్తుంది, మొత్తం మీద దారి పైకే పోతుంటుంది. రెండు పక్కలా చెనిక్కాయ చేలు, ఎవరో పేర్చి వదిలేసినట్టున్న బండల గుట్టలు, అక్కడక్కడ చింతచెట్లు, ఒక చెరువుకట్ట.

సైకిలు యాత్ర అనగానే కళ్లముందు మెదిలేది మరో లోకం. మంచుకొండలు, నీలి సరస్సులు, పచ్చిక బయళ్ల మధ్య మెలికలు తిరిగే నల్లటి దారి. తనకల్లుకూ ఆ లోకానికీ పోలికే లేదనిపిస్తుంది. అయితే ఆల్ప్స్ దారులు సైకిలు యాత్రికులకు ఎలా దక్కాయో చరిత్ర తిరగేస్తే, అందులో మంచు పాత్ర కంటే, సరస్సుల పాత్ర కంటే మనుషులు పూనుకుని చేసిన పనే ఎక్కువ కనిపిస్తుంది. ఆ పని కరువు సీమలోనూ చేయదగ్గదే.

ఆల్ప్స్ ఘాట్ రోడ్లు పుట్టింది ఫిరంగులు లాగే గుర్రాల కోసం, తపాలా బండ్ల కోసం. నెపోలియన్ తన ఫిరంగులను ఇటలీలోకి దించడానికి వేయించిన సింప్లాన్ రోడ్డు 1805లో పూర్తయింది. ఆస్ట్రియా సామ్రాజ్యం కోసం కార్లో దొనెగాని అనే ఇంజినీరు 1820, 1825 మధ్య స్టెల్వియో కనుమ మీదుగా దారి వేశాడు. దాని ఎత్తు 2,757 మీటర్లు, ఉత్తరం వైపు ఎక్కుడులోనే 48 మలుపులు. బరువు లాగే గుర్రం ఆగకుండా ఎక్కాలంటే వాలు సాఫీగా ఉండాలి. అందుకే రోడ్డును కొండ మీదికి నేరుగా ఎక్కించకుండా పాములా తిప్పారు. అరవై ఏళ్ల తర్వాత అదే వాలు మనిషి కాళ్లకూ సరిపోయింది.

1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు దాదాపు సమానమైన చక్రాలు, వెనక చక్రానికి చైను ఉన్న రోవర్ సైకిలును తెచ్చాడు. ఈనాటి మన సైకిలు దాని వారసురాలే. 1888లో డన్లప్ గాలి టైరు వచ్చింది. యంత్రం సిద్ధమైంది. దానికంటే ముందే సంఘాలు పుట్టడం మొదలైంది, ఈ చరిత్రలో గమనించాల్సిన సంగతి అది. ఇంగ్లండులో సైకిలు యాత్రికుల సంఘం 1878లోనే ఏర్పడింది, ఫ్రాన్సులో టూరింగ్ క్లబ్ 1890లో మొదలైంది. ప్రమాదకరమైన దిగుళ్ల దగ్గర హెచ్చరిక పలకలు పాతించడం, సభ్యులకు తగ్గింపు ధరలకు గది, భోజనం ఇచ్చేలా సత్రాలతో మాట్లాడుకోవడం, దూరాలతో పటాలు అచ్చు వేయడం వంటివి వీళ్లు చేసిన పనులు. అందం అంతకుముందూ ఉంది. దాని దగ్గరికి సామాన్యుడు ధైర్యంగా వెళ్లి, రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలిసి, మర్నాడు ముందుకు సాగే వీలు ఈ సంఘాల వల్లే వచ్చింది.

1898లో ఎలిజబెత్ రాబిన్స్ పెనెల్ అనే అమెరికన్ రచయిత్రి ఆల్ప్స్ మీదుగా చేసిన సైకిలు ప్రయాణాన్ని పుస్తకంగా ప్రచురించింది. బొమ్మలు వేసింది ఆమె భర్త జోసెఫ్ పెనెల్. గేర్లు లేని బండి మీద ఒక స్త్రీ, కాళ్లకు అడ్డంపడే ఆనాటి దుస్తులతో కనుమ వెంట కనుమ దాటింది. ఎక్కడం ఒక కష్టమైతే దిగడం మరో గండం. ఆ రోజుల్లో సైకిలు బ్రేకులను నమ్మడానికి లేదు. చెట్టు కొమ్మ నరికి సైకిలు వెనక కట్టి, అది నేల మీద ఈడ్చుకొస్తుంటే ఆ రాపిడితో వేగం తగ్గించుకునేవాళ్లు.

గేర్ల కథ ఇంకా ఆసక్తికరం. ఫ్రాన్సులోని సెంటెటియెన్ పట్నంలో పాల్ ద వివీ అనే ఆయన ‘వెలోసియో’ కలం పేరుతో 1887 నుంచి సైకిలు పత్రిక నడిపాడు. కొండలెక్కాలంటే ఒకే పళ్లచక్రం చాలదని, వాలును బట్టి చైను మార్చుకునే ఏర్పాటు కావాలని ఆయన జీవితమంతా వాదించాడు, స్వయంగా తొక్కి చూపించాడు. పందేలవాళ్లకు ఆ మాట రుచించలేదు. 1911లో టూర్ దె ఫ్రాన్స్ పందెం తొలిసారి గలిబియే కనుమ ఎక్కినప్పుడు చాలామంది దిగి సైకిళ్లు తోసుకుంటూ నడిచారు. ఎమిల్ జార్జె అందరికంటే ముందు శిఖరం చేరాడు. అయినా నడుస్తుండగానే చైను మార్చే గేర్లను ఆ పందెంలో 1937 దాకా రానివ్వలేదు. వెలోసియో 1930లోనే చనిపోయాడు. ఆకలి వేయకముందే తినమని, దాహం వేయకముందే తాగమని యాత్రికులకు ఆయన ఇచ్చిన సలహా ఆల్ప్స్ చలికంటే అనంతపురం ఎండకు ఇంకా బాగా నప్పుతుంది.

ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున బెల్లాజో ఊరు నుంచి కొండెక్కితే గిసాల్లో అనే చోట చిన్న మేరీమాత గుడి ఉంది. 1949లో పోపు పన్నెండో పయస్ ఆ తల్లిని సైకిలు తొక్కేవాళ్ల రక్షకురాలిగా ప్రకటించాడు. పేరుమోసిన పందెగాళ్ల సైకిళ్లు ఈనాటికీ ఆ గుడి గోడలకు వేలాడుతుంటాయి. మొక్కు తీర్చుకోవడం మనకు కొత్త సంగతి కాదు కాబట్టి ఆ గుడిని తెలుగువాడు వెంటనే అర్థం చేసుకోగలడు.

ఆల్ప్స్ ఎక్కిన వాళ్లలో కొందరు ఇటువైపూ వచ్చారు. అమెరికాకు చెందిన ఫానీ బుల్లక్ వర్క్‌మన్, ఆమె భర్త విలియం హంటర్ వర్క్‌మన్ అల్జీరియా, స్పెయిన్ దేశాలను సైకిళ్ల మీద చుట్టేశాక 1890ల చివర్లో భారతదేశం చేరారు. దక్షిణాది నుంచి గుడి తర్వాత గుడి చూసుకుంటూ హిమాలయాల దాకా తొక్కారు. ముళ్లకు టైర్లు పంచరవుతూనే ఉన్నా, రాత్రి బసకు రైల్వే స్టేషన్లు, ముసాఫిరు బంగళాలే దిక్కయినా వెనక్కి తగ్గలేదు. 14,000 మైళ్ల ఆ ప్రయాణం 1904లో పుస్తకంగా వచ్చింది. ఫానీ పర్వతారోహకురాలిగానూ పేరు తెచ్చుకుంది. 1923 అక్టోబరులో బొంబాయి నుంచి బయల్దేరిన పార్సీ యువకుల్లో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా ప్రపంచమంతా సైకిళ్ల మీద తిరిగి 1928 మార్చిలో ఇంటికి చేరారు. అంటే ప్రపంచాన్ని సైకిలు మీద చూడాలనే కోరిక తెల్లవాళ్ల సొత్తుగా మిగిలిపోలేదు.

తెలుగు పల్లెల్లో మాత్రం సైకిలు బతుకు బండిగానే వచ్చింది. మద్రాసులో టి.ఐ. సైకిల్స్ 1949లో, సోనెపట్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో తయారీ మొదలుపెట్టాక అది మెల్లగా సామాన్యుడికి అందింది. వెనక పాల క్యాన్లు, ముందు హ్యాండిలుకు సంచులు. కరువు సాలు వస్తే అదే క్యారియరుకు రెండు వైపులా నీళ్ల బిందెలు. పెద్ద సైకిలు మీద కూర్చుంటే కాళ్లు అందని పిల్లలు అడ్డకడ్డీ సందులోంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నారు. గంటకింత అని అద్దెకిచ్చే సైకిలు షాపు ప్రతి చిన్న ఊళ్లోనూ ఉండేది. పంచాయతీకి పన్ను కట్టి బిళ్ల బిగించుకోకపోతే, రాత్రిపూట లైటు లేకపోతే జరిమానా తప్పేది కాదు. పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటు సభ్యుడిగా ఢిల్లీలో సైకిలు మీదే సభకు వెళ్లాడన్నది తెలుగువాళ్లు తరాలుగా చెప్పుకునే సంగతి. 2010ల చివర్లో ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. ఇన్ని పనులు చేసిన బండితో మన నేలను చూడటానికి బయల్దేరడం మాత్రం మనం అలవాటు చేసుకోలేదు.

చూడటానికి ఏముంది? చాలా ఉంది.

ముందు రాళ్లు. ఆల్ప్స్ పుట్టి కొన్ని కోట్ల ఏళ్లే. కదిరి చుట్టుపక్కల రాతి పొరల వయసు 250 కోట్ల ఏళ్లకు తక్కువ కాదు. తనకల్లు దారిలో గుండ్రంగా అరిగిన ఆ బండలు ఒకప్పటి పర్వతాల అడుగుభాగాలు. పైనున్నదంతా ఎండకు, వానకు, గాలికి కరిగిపోయింది. ఆల్ప్స్‌లో పర్వతాల యవ్వనం కనిపిస్తే ఇక్కడ వాటి వృద్ధాప్యం కనిపిస్తుంది. ఆ వృద్ధాప్యపు అందం ఎవరికీ తీసిపోదు.

ఆ తర్వాత చెరువులు. ఆల్ప్స్ సరస్సులను హిమానీనదాలు తవ్వాయి. మన చెరువులను మనుషులు కట్టారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే నేలలో ప్రతి వంకకూ అడ్డంగా కట్ట వేసి, ఒక చెరువు మరవ పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి చేరేలా గొలుసుకట్టారు. విజయనగర కాలంలో ఇది శాస్త్రంగా పెరిగింది. కడప జిల్లా పోరుమామిళ్లలో బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను వివరిస్తుంది. కదిరి నుంచి మదనపల్లె దారిలో నల్లచెరువు, ములకలచెరువు అని ఊళ్లకే ఆ పేర్లు. తనకల్లు మండలంలో, నంది కొండల్లో పుట్టి వచ్చే పాపాగ్ని మీద చెన్నరాయస్వామి గుడి ప్రాజెక్టు ఉంది, జనం సి.జి. ప్రాజెక్టు అంటారు. వానలు బాగా పడిన ఏడు కొక్కంటి క్రాస్ నుంచి అటు వెళ్లినవాళ్లకు బోడిగుట్టల మధ్య నీళ్లు దర్శనమిస్తాయి. సరస్సు చూడటానికి అంత దూరం ఎందుకు పోవాలనిపించే చోటు అది.

తనకల్లును కేంద్రంగా పెట్టుకుంటే దారులు చాలా వైపులకు తెరుచుకుంటాయి. ఉత్తరాన గాండ్లపెంట మండలం కటారుపల్లెలో వేమన సమాధి. అటునుంచి ఎన్.పి.కుంట వైపు వెళితే తిమ్మమ్మ మర్రిమాను. ఐదెకరాలకు పైగా పరుచుకున్న ఈ చెట్టు సంగతిని బయటి ప్రపంచానికి చాటినవాడు కర్ణాటక పాత్రికేయుడు రిగ్రెట్ అయ్యర్. 1989లో అది గిన్నిస్ పుస్తకానికెక్కింది. వేలాది ఊడల కింద సైకిలు ఆనించి కూర్చుంటే మండుటెండ వెనక్కి పోతుంది. ఆ పక్కనే ఎన్.పి.కుంటలో ఎండనే కరెంటుగా మార్చే సోలార్ పార్కు కనుచూపు మేర పరుచుకుని ఉంది.

దక్షిణాన ఘాట్ కావాలనుకునేవాళ్లకు హార్స్‌లీ హిల్స్ ఉంది. స్థానికులకు అది ఏనుగు మల్లమ్మ కొండ. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్‌లీ వేసవి తాపం తప్పించుకోవడానికి అక్కడ ఇల్లు కట్టుకోవడంతో ఆ పేరు పడింది. ఎత్తు 1,260 మీటర్లకు పైనే. ములకలచెరువు దాటి బి.కొత్తకోట వైపు వెళ్లి, కొండ కింద మొదలయ్యే తొమ్మిది పది కిలోమీటర్ల ఘాట్ దారి పడితే ప్రతి మలుపులో గాలి చల్లబడటం ఒంటికి తెలుస్తుంది. స్టెల్వియోలో సగం ఎత్తు కూడా లేదు. కానీ కొండ ఎక్కడంలోని ఆనందానికి ఆ ఎత్తు చాలు.

కాలం ఎంచుకోవడంలో జాగ్రత్త కావాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ పీఠభూమి మీద పడమటి గాలి హోరెత్తుతుంది. 1990ల్లో రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలిని నమ్ముకునే. దానికి ఎదురు తొక్కడం ఘాట్ ఎక్కడం కంటే కష్టం. మార్చి దాటితే ఎండ. చెనిక్కాయలు పీకి, కార్తీకం వచ్చాక సంక్రాంతి దాకా ఉన్న రోజులే సరైనవి. ఆ రోజుల్లో చెరువుల్లో అంతో ఇంతో నీళ్లుంటాయి, పొద్దున చలి ఉంటుంది, హోటళ్లలో వేడివేడి ఉగ్గాని దొరుకుతుంది. సైకిలును రైలెక్కించి తెచ్చుకోవాలనుకుంటే 1890ల్లో మీటర్‌గేజిగా వేసిన ధర్మవరం–పాకాల లైను ఉంది. ఆ లైను మీద తనకల్లుకూ స్టేషనుంది.

లేనిదల్లా పూనిక. స్విట్జర్లాండులో దేశమంతటా సైకిలు దారులకు నంబర్లు వేసి, ఎర్ర పలకలు పాతి, 1998లో ప్రజలకు అప్పగించారు. అందులో 9వ నంబరు దారి సరస్సుల వెంటే పోతుంది. 2018లో సైకిలు బాటలను రాజ్యాంగంలో చేర్చాలా అని ఓటింగు పెడితే 73 శాతానికి పైగా జనం సరేనన్నారు. మన దగ్గర అలాంటి దారులు సిద్ధం చేయడం కోట్లు ఖర్చయ్యే పని కాదు. తనకల్లు, కొక్కంటి క్రాస్, గాండ్లపెంట, కటారుపల్లె, తిమ్మమ్మ మర్రిమాను, బి.కొత్తకోటలను కలిపే పల్లెదారుల మీద దూరం తెలిపే తెలుగు పలకలు కావాలి. ప్రతి పది, పదిహేను కిలోమీటర్లకు ఒక తాగునీటి కుళాయి, దాని పక్కన వేపచెట్టు నీడ, మండలానికి ఒక శుభ్రమైన బస ఉంటే చాలు. బరువు లారీలు దూసుకుపోయే జాతీయ రహదారిని వీలైనంత తప్పించి ఊళ్ల దారులనే ఎంచాలి. పర్యాటక శాఖ, పంచాయతీలు కలిసి ఈ కార్తీకానికే మొదటి పలక పాతవచ్చు. అప్పటిదాకా ఆగలేనివాళ్లు పంచరు సామాను, గాలి పంపు, మూడు లీటర్ల నీళ్లు సర్దుకుని తెల్లవారుజామునే తనకల్లు నుంచి బయల్దేరండి.