వెనక జుట్టు ముందుకొచ్చిన కథ

1952, న్యూయార్క్. కుర్చీలో కూర్చున్న మనిషికి నుదుటి నుంచి నడినెత్తి దాకా నున్నగా ఉంది. చెవుల మీద, మెడ వైపు మాత్రం జుట్టు ఒత్తుగానే ఉంది. అతని వెనక నిలబడ్డ చర్మవైద్యుడు నార్మన్ ఓరెన్‌ట్రైక్‌కి ముప్పైకి అటూఇటుగా ఉంటుంది వయసు. చేతిలో పంచ్ అనే పరికరం. కొస పదును పెట్టిన చిన్న ఉక్కు గొట్టం అది.

మత్తు ఎక్కిందని రూఢి చేసుకున్నాక ఆయన పంచ్‌ను తల వెనక చర్మంలోకి నొక్కి తిప్పుతాడు. కుదుళ్లతో సహా పదిహేనో ఇరవయ్యో వెంట్రుకలున్న బిళ్ల బయటికి వస్తుంది. బట్టతల మీద కూడా అలాంటి బిళ్లే ఒకటి తీసి, ఆ గుంతలో దీన్ని కూర్చుతాడు. ఆ తర్వాత చేసే పనే అసలు పని. బట్టతల నుంచి తీసిన ఉత్త చర్మపు బిళ్లను పారేయడు. తల వెనక జుట్టు మధ్యలో ఏర్పడిన గుంతలో పెడతాడు. ఇక్కడిది అక్కడికి, అక్కడిది ఇక్కడికి మారింది.

ఆయనకు తేల్చుకోవలసిన సందేహం ఒకటుంది. బట్టతల రావడానికి నెత్తి మీద చర్మం బిగుసుకుపోయి రక్తప్రసరణ తగ్గడమే కారణమని అప్పట్లో చాలామంది నమ్మకం. పదేళ్ల ముందే, 1942లో, జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీనికి మరో మూలం చూపించాడు. యుక్తవయసుకు ముందే వృషణాలు కోల్పోయిన మగవాళ్లకు బట్టతల రాలేదు. వాళ్లలో బట్టతల వంశంలో ఉన్నవాళ్లకు టెస్టోస్టెరాన్ ఇస్తే జుట్టు ఊడడం మొదలైంది. అంటే హార్మోను, వంశం రెండూ కలవాలి. బాగానే ఉంది. కానీ ఒకే నెత్తురు తలంతా పారుతుంటే ఆ హార్మోను ముందు జుట్టును రాల్చి, వెనక జుట్టును ఎందుకు వదిలేస్తోంది? తేడా ఆ చోటులో ఉందా, కుదురులో ఉందా?

కొన్ని వారాలకు నాటిన వెంట్రుకలు రాలిపోయాయి. ఇక్కడితో ఆపేసి ఉంటే ఈ కథే లేదు. నెలలు గడిచాయి. బట్టతల మీద పెట్టిన బిళ్లలోంచి మళ్లీ వెంట్రుకలు లేచాయి, పెరిగాయి, పెరుగుతూనే ఉన్నాయి. తల వెనక ఒత్తు జుట్టు మధ్య పెట్టిన బట్టతల బిళ్ల మాత్రం బోడిగానే మిగిలింది. చోటుది కాదు తప్పు. కుదురు ఎక్కడికి వెళ్లినా తన పుట్టిన చోటి గుణాన్నే వెంట తీసుకెళుతోంది. దాత భాగానిదే పైచేయి అన్న అర్థంలో ఓరెన్‌ట్రైక్ దీనికి ‘డోనర్ డామినెన్స్’ అని పేరు పెట్టాడు. పేనుకొరుకుడులో మాత్రం ఇది తలకిందులైంది. మంచి జుట్టు తెచ్చి ఆ మచ్చలో పెడితే అక్కడి రోగం దాన్నీ రాల్చేసింది. పేనుకొరుకుడు మచ్చలు చురుగ్గా ఉన్నవారిని నేటికీ సర్జన్లు బల్ల ఎక్కించకుండా మందులు రాసి పంపడానికి కారణం ఇదే.

ఆయన ఈ ఫలితాలు పంపితే ఒక వైద్య పత్రిక తిప్పిపంపింది. పరిశీలించిన పెద్దలు నమ్మలేదు. చివరికి 1959లో న్యూయార్క్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారి సంచికలో అచ్చయింది.

ఇందులో సగం దూరం అప్పటికే ఒకాయన నడిచేశాడని అమెరికాలో ఎవరికీ తెలియదు. జపాన్ వైద్యుడు షోజీ ఒకుడా, పంచ్‌తో జుట్టు బిళ్లలు తీసి రెండువందల మందికి పైగా నాటి, ఆ అనుభవాన్ని 1939లో జపనీస్ పత్రికలో వివరంగా రాశాడు. ఆయన దగ్గరికి వచ్చినవాళ్లు ఎక్కువగా కాలిన గాయాల వల్లా మచ్చల వల్లా తల మీదో కనుబొమల మీదో జుట్టు పోయినవాళ్లు. ఆ ఏడాదే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. 1943లో హజీమే తమురా మరో అడుగు ముందుకేసి ఒక్కొక్క వెంట్రుకనే విడదీసి నాటాడు. ఇప్పుడు మనం అధునాతనం అనుకుంటున్న పద్ధతికి అది ఎంత దగ్గరో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. యుద్ధపు గోడకు అవతల ఆ కాగితాలు దశాబ్దాలపాటు ఉండిపోయాయి. ఆ వ్యాసాలు సకాలంలో నలుగురి కంటా పడి ఉంటే తర్వాతి తరం మగవాళ్లు ఎంత బాధ తప్పించుకునేవారో అని నాకు అనిపిస్తూనే ఉంటుంది.

ఎందుకంటే, ఓరెన్‌ట్రైక్ దారి తెరిచాక వేల మంది నాలుగు మిల్లీమీటర్ల బిళ్లలే నాటించుకున్నారు. విస్కాన్సిన్ సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ అంతటివాడు 1972లో చేయించుకుని ఆ మాట దాచుకోలేదు. మొదట్లో బాగానే కనిపించేది. ఏళ్లు గడిచేకొద్దీ బిళ్లల మధ్య ఉన్న సొంత జుట్టు తన దారిన తాను రాలిపోయేది. నాటిన కుచ్చులు మాత్రం రాలవు కదా! ప్లాస్టిక్ బొమ్మ తలకు గుచ్చిన కుచ్చుల్లా నుదుటి మీద వరసగా నిలబడిపోయేవి. ఏ గుణం వల్ల ఈ శస్త్రచికిత్స ఫలిస్తోందో, ఆ గుణం వల్లే ఇందులో జరిగిన తప్పు కూడా రాలిపోకుండా నిలిచిపోతుంది. చేయించుకోబోయే ప్రతి ఒక్కరూ గట్టిగా పట్టుకోవలసిన సంగతి ఇదొక్కటేనని నా నమ్మకం. కత్తిరింపు బాగా లేకపోతే నెల్లాళ్లలో పెరుగుతుంది, ఇది అలా కాదు.

1984లో హెడింగ్టన్ అనే వైద్యుడు తల చర్మాన్ని అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద చూసి, జుట్టు ఒంటరి వెంట్రుకలుగా కాక ఒకటి నుంచి నాలుగు చొప్పున చిన్న చిన్న గుంపులుగా మొలుస్తుందని రాశాడు. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో బాబీ లిమ్మర్ 1988 నుంచి ఆ గుంపులనే విడదీసి నాటడం మొదలుపెట్టాడు. తల వెనక నుంచి చర్మాన్ని ఒక పట్టీగా తీసి, మైక్రోస్కోపు ముందు ఓపికగా గుంపు గుంపుగా కోసేవారు. దాంతో కుచ్చుల కాలం ముగిసింది. 2002లో విలియం రాస్‌మన్, రాబర్ట్ బెర్న్‌స్టీన్ తదితరులు పట్టీ కోయకుండానే ఒక్కో గుంపును ఒక మిల్లీమీటరు పంచ్‌తో నేరుగా తీసే పద్ధతిని వివరించారు. ఎఫ్‌యూఈ అని ఇప్పుడు ప్రతి హోర్డింగు మీదా కనిపించేది అదే. ఓరెన్‌ట్రైక్ పంచ్ సన్నబడి మళ్లీ తిరిగొచ్చిందన్నమాట.

ఇప్పుడు హైదరాబాద్ వద్దాం. ఇలాంటి గదుల్లో నిత్యం జరిగేదే ఒక మనిషి మీద పెట్టి చెబుతున్నాను. ఖమ్మం నుంచి తెల్లవారుజామున బయల్దేరిన కుర్రాడికి ఇరవై ఎనిమిదేళ్లు. తోడు బావ వచ్చాడు. సంబంధాలు చూస్తున్నారు. నెల కిందటి సంప్రదింపులో కుర్రాడు ఫోన్‌లో ఓ హీరో ఫొటో చూపించాడు. సర్జన్ అది పక్కన పెట్టి, “మీ నాన్నగారికి ఎక్కడిదాకా పోయింది? మేనమామలకి?” అని అడిగాడు. తర్వాత మార్కరుతో నుదుటి మీద గీత గీశాడు.

“ఇంకో వేలెడు కిందికి దించండి సార్.”

“దించొచ్చు బాబూ. నలభై ఏళ్లకి నీ నడినెత్తి కూడా ఖాళీ అయితే? ముందు నేను నాటింది మాత్రమే ఉండి, వెనకంతా బోడిగా కనపడుతుంది. అప్పుడు సర్దడానికి నీ దగ్గర సరుకుండాలిగా?”

ఆ సరుకు లెక్క గట్టిది. తల వెనక నుంచి పల్చబడకుండా తీయగలిగినవి జీవితం మొత్తానికి, చాలామందికి సుమారు నాలుగు నుంచి ఆరు వేల గ్రాఫ్టులు, అంటే నాటడానికి తీసే గుంపులు. తీసిన చోట మళ్లీ మొలవవు. ఎవరైనా “ఒక్క సిట్టింగులో ఆరు వేలు” అని ఉత్సాహపరిస్తే అక్కడి నుంచి లేచి రావడమే మేలు.

రక్తపరీక్షలు, ఈసీజీ ముందే అయ్యాయి. సిగరెట్లు మాన్పించారు. తల వెనక జుట్టు మిషన్‌తో పొట్టిగా కత్తిరించారు. మత్తు సూదులే ఈ రోజు మొత్తంలో నొప్పి. నుదుటి మీదా తల వెనకా వరసగా పడుతుంటే కుర్రాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అయిపోయింది సార్, ఇక తెలీదు,” అంది నర్సు. నిజంగానే తర్వాత తెలియలేదు. బోర్లా పడుకోబెట్టి రెండున్నర గంటలు గ్రాఫ్టులు తీశారు. కోతకు నొప్పి లేదు గానీ మెడ పట్టేసింది. తీసినవాటిని చల్లటి సెలైన్‌లో లెక్కపెట్టి ఉంచారు. మధ్యలో పెరుగన్నం తిన్నాడు. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి నుదుటి గీత వెంబడి ఒంటరి వెంట్రుకలవి, వాటి వెనక రెండు మూడేసివి, వాలు చూసుకుంటూ కూర్చారు. సహజమైన జుట్టులో చదరపు సెంటీమీటరుకు డెబ్భై ఎనభై గుంపులుంటే, ఇక్కడ నాటేది నలభైకి అటూఇటూ. కంటికి నిండుగా కనిపించడానికి అది చాలు.

ఆ మత్తుమందు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. లిగ్నోకైన్ అనే ఆ మందుకు మనిషి బరువును బట్టి హద్దుంది. అది దాటితే గుండె, మెదడు దెబ్బతింటాయి. మన దేశంలో ఈ శస్త్రచికిత్స తర్వాత ప్రాణాలు పోయిన యువకులున్నారు. ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లిన విషయం ఇది. 2022 సెప్టెంబరులో నేషనల్ మెడికల్ కమిషన్ నియమాలిచ్చింది. ప్లాస్టిక్ సర్జరీయో చర్మవ్యాధుల వైద్యమో చదివిన, శిక్షణ పొందిన డాక్టరే చేయాలి, వీడియోలు చూసి నేర్చుకుంటే చెల్లదు అని. “నా తల మీద పంచ్ పట్టేది ఎవరు? డాక్టరుగారు గదిలో ఎంతసేపు ఉంటారు? నాడి, బీపీ చూసేదెవరు?” అని అడగడానికి ఎవరూ మొహమాటపడకూడదు. బావ అడిగాడు. ఆ ప్రశ్నకు చిరాకుపడే చోట బావమరిదిని వదలనన్నాడు.

సాయంత్రానికి ఇంటికి పంపేశారు. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి, గంటగంటకూ సెలైన్ స్ప్రే చేయాలి. మూడోరోజు పొద్దున అద్దం చూసి కుర్రాడు హడలిపోయాడు. నుదుటి వాపు కిందికి జారి కళ్లు సగం మూసుకుపోయాయి. రెండురోజుల్లో అదే తగ్గింది. పది రోజులకు చెక్కులు రాలిపోయాయి. నాటిన చోట గుచ్చుకునే పొట్టి వెంట్రుకలు. ఇంట్లో అందరికీ సంబరం.

నాలుగోవారం దిండు నిండా ఆ వెంట్రుకలే.

“డబ్బంతా నీళ్లలో పోశావురా,” అని అమ్మ కళ్లొత్తుకుంది. కుర్రాడు క్లినిక్‌కి ఫోన్ చేశాడు. “రాలనీ బాబూ, రాలిపోయేది వెంట్రుకే, కుదురు లోపలే ఉంది. నాలుగో నెల దాకా అద్దం జోలికి పోకు,” అన్నాడు డాక్టరు. ఓరెన్‌ట్రైక్ ఓపిక పట్టి చూసిన దశ ఇదే. చుట్టుపక్కల సొంత జుట్టు కూడా ఆ దెబ్బకు కొంత రాలి తాత్కాలికంగా మునుపటి కంటే పల్చగా కనిపించవచ్చు. ఈ సంగతి ముందే చెప్పని క్లినిక్ మనిషిని మూడు నెలలు క్షోభ పెడుతోందనే నేను అంటాను. పెళ్లి ముహూర్తానికి రెండు నెలల ముందు దీనికి దిగడం ఎందుకు తప్పో కూడా ఇక్కడే తెలుస్తుంది.

నాలుగో నెలలో నూగు వచ్చింది. మొదట సన్నగా, కొంచెం ఉంగరాలుగా. ఎనిమిదో నెలకు దువ్వెన పట్టింది. ముందు భాగం నిండడానికి ఏడాది, నడినెత్తి అయితే ఏడాదిన్నర పట్టవచ్చు.

ఈలోగా అమ్మ మొక్కు గుర్తుచేసింది, తిరుమలలో తలనీలాలు. పూర్తిగా మానాక గుండు చేయించుకుంటే కుదుళ్లకేమీ కాదు, కత్తి కోసేది పైన ఉన్న వెంట్రుకనే. అయితే పట్టీ పద్ధతిలో చేయించుకున్నవాళ్లకు గుండు మీద చెవి నుంచి చెవి దాకా గీత బయటపడుతుంది. ఎఫ్‌యూఈలో చిన్న తెల్ల చుక్కలు కనిపించవచ్చు. ఏటా కల్యాణకట్టకు వెళ్లే ఇళ్లవాళ్లు పద్ధతి ఎంచుకునే ముందే ఈ మాట సర్జన్‌తో చెప్పాలి. విదేశీ కరపత్రాల్లో ఇది ఉండదు.

ఏడాదికి చివరి పరీక్ష. కుర్రాడు నవ్వుతూ కూర్చున్నాడు. సర్జన్ దీపం పెట్టి నుదురు చూశాడు, తల వెనక చూశాడు, ఫైలులో రాసుకున్నాడు.

“సార్, నడినెత్తిలో కూడా కొంచెం పల్చబడుతున్నట్టుంది. అది కూడా చేసేద్దామా?”

“ఇప్పుడొద్దు. మందులు రాస్తాను, ఉన్నదాన్ని నిలబెట్టుకుందాం. టాబ్లెట్ వల్ల కొందరికి దాంపత్యంలో ఇబ్బంది రావచ్చు, అలా అనిపిస్తే దాచకుండా చెప్పు. వెనక రెండు వేల చిల్లర మిగిలాయి, అవి ముట్టుకోను. నలభై దాటాక, నీ బట్టతల ఎక్కడ ఆగుతుందో తెలిశాక రా.”