ఎర్రటెండలో గొడుగు

మాస్కోలో వాన పడితే మన కమ్యూనిస్టులు ఇక్కడ గొడుగులు తెరుస్తారన్న ఎగతాళి వినని తెలుగువాళ్ళుండరు. మా ఖమ్మం జిల్లాలో టీకొట్టు దగ్గర కాంగ్రెసు పెద్దమనిషి మా తాతయ్య మీద విసిరే మొదటి రాయి అదే. బుకారెస్ట్‌లో నేనద్దెకుండే ఇంటావిడ, ఎనభై దాటిన మనిషి, వంటింట్లో పుల్ల చెర్రీల గింజలు తీస్తూ అదే జోకు చెప్పేసరికి, పరాయి దేశంలో మా ఊరి బస్సు ఎదురొచ్చినట్టనిపించింది. ఇక్కడి కథలో కార్యకర్తల గుంపు లేదు. ఒక్కావిడే. మబ్బు తునక లేని రోజున గొడుగేసుకుని పోతోందట. ఎందుకమ్మా అంటే, మాస్కోలో వాన పడుతోందిగా అందట. ఆవిడ పేరు అనా పౌకర్.

పేరు చెప్పాక ఇంటావిడ చేతులు కడుక్కుంది. మరకలకే అయ్యుంటుంది గానీ, నాకు మాత్రం ఆ పేరుకే కడుక్కున్నట్టు తోచింది.

1948లో అమెరికా వాళ్ళ టైమ్ పత్రిక అట్ట మీద వేసిన మొహం ఆమెది. కత్తిరించిన నెరిసిన జుట్టు, వెడల్పాటి దవడ, నవ్వని నోరు. 1947 నవంబరులో రొమేనియా విదేశాంగ మంత్రి అయింది. ఆధునిక ప్రపంచంలో ఆ పదవికెక్కిన తొలి మహిళ ఆమేనంటారు. మన దగ్గర ఇందిరా గాంధీ ప్రధానిగా ఉంటూ ఆ శాఖ చూశారు సరే, పూర్తికాలపు మంత్రిగా ఆ కుర్చీలో ఒక మహిళ కూర్చోవడానికి సుష్మా స్వరాజ్ దాకా, 2014 దాకా ఆగాం. ఇంకో సంగతి. మన దేశానికీ రొమేనియాకూ దౌత్య సంబంధాలు మొదలైంది 1948 డిసెంబరులో, ఈవిడ హయాంలోనే.

పుట్టింది 1893లో, మొల్డావియా ప్రాంతంలో, వాస్లుయ్ జిల్లా కొదయెష్టి అనే పల్లెలో. నిష్ఠ గల పేద యూదు కుటుంబం. తాత రబ్బీ. తండ్రి శాస్త్రం ప్రకారం జంతువులను కోసేవాడు. అప్పటి రొమేనియాలో యూదుల్లో చాలామందికి పౌరసత్వమే లేదు. పుట్టిన ఊళ్ళోనే పరాయివాళ్ళు. ఆ పిల్ల చదువుకుని, యూదుల బడిలో హీబ్రూ చెప్పి, ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి సోషలిస్టయింది. తర్వాత మార్సెల్ పౌకర్ అనే కమ్యూనిస్టును పెళ్ళాడింది. అరెస్టులు, అజ్ఞాతం, మాస్కోలో పార్టీ చదువు, ఫ్రాన్స్‌లో పార్టీ పని... ఇవన్నీ మన పాత కామ్రేడ్ల జీవిత చరిత్రల్లో చదివినట్టే ఉంటాయి కాబట్టి దాటేస్తాను.

1935లో బుకారెస్ట్‌లో పట్టుకున్నప్పుడు పోలీసు తూటాలు ఆమె కాళ్ళకు తగిలాయి. మరుసటి ఏడు క్రయోవా పట్నంలో విచారణ జరిపి పదేళ్ళ శిక్ష వేశారు. ఆ విచారణే ఆమెకు ప్రపంచమంతా పేరు తెచ్చింది. 1941 మేలో రొమేనియా ప్రభుత్వం ఆమెను సోవియట్లకు అప్పగించి, వాళ్ళ చేతిలో బందీగా ఉన్న బెస్సరేబియా నాయకుడొకణ్ణి విడిపించుకుంది. మరో నెలకు హిట్లర్‌తో కలిసి సోవియట్ మీద యుద్ధానికి దిగింది. యాష్ నగరంలో యూదుల ఊచకోత జరిగింది ఆ జూన్‌లోనే. ఆ నెలలో ఆమె ఇంకా ఇక్కడి జైల్లోనే ఉండుంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

మొగుణ్ణి స్టాలిన్ పోలీసులకు తనే పట్టించిందని ఇక్కడ ఇంకా చెప్పుకుంటారు. మార్సెల్‌ను మాస్కోలో కాల్చేసింది 1938లో. అప్పుడు ఆమె ఉన్నది రొమేనియా జైల్లో. అయినా నింద చెరగలేదు. అధికారంలో ఉన్న ఆడదాని మొగుడు దిక్కులేని చావు చస్తే జనం లెక్క ఎప్పుడూ ఒకలాగే తేలుతుంది.

1944 సెప్టెంబరులో ఎర్రసైన్యం వెనకే తిరిగొచ్చింది. పార్టీ మొదటి స్థానం అందే దూరంలో ఉన్నా, తను ఆడమనిషి, యూదు అన్న కారణంతో పక్కకు జరిగి, రైల్వే కార్మికుడైన గెయోర్గియు-దేజ్‌ను ముందుకు పెట్టిందంటారు. అలాగని ఆమెను తులసికోటలో పెట్టి పూజించనక్కర్లేదు. ప్రతిపక్షాలను నలిపేసి, ముసలి రైతు నాయకుడు యూలియు మనియును జైల్లో పెట్టి, 1947 డిసెంబరు 30న మిహాయ్ రాజు చేత గద్దె దిగుతున్నట్టు సంతకం పెట్టించిన ప్రభుత్వం అది. అందులో ఆమెది చిన్న పాత్ర కాదు. మనియు జైల్లోనే పోయాడు.

అసలు చిక్కు పొలం దగ్గర వచ్చింది. 1949 మార్చిలో ఉమ్మడి సేద్యం అన్నారు. దానికి తోడు కోటాలు. మన లెవీ ధాన్యం రోజులు గుర్తున్నవాళ్ళకు వివరించనక్కర్లేదు. మా ఇంటావిడ వాళ్ళది దక్షిణాన తెలెయోర్మన్ మైదానం. నూర్పిడి యంత్రం పక్కనే కోటా వాళ్ళు తక్కెడ పెట్టుకుని కూర్చునేవాళ్ళట. వాళ్ళ వాటా తూచాక, సంచుల అడుగున మిగిలిన గోధుమ ఇంటికి. ఓ ఏడాది వాళ్ళ నాన్న ఖాళీ సంచులు దులిపి భుజాన వేసుకొచ్చాడట.

పాత పార్టీ దస్తావేజులు 1989 తర్వాత బయటపడ్డాయి. వాటిని తిరగేసిన రాబర్ట్ లెవీ అనే చరిత్రకారుడు చెప్పేది వేరు. రైతులను బలవంతంగా చేర్చొద్దని పార్టీలో అడ్డుపడింది అనాయేనట. 1950లో ఆమె రొమ్ము కేన్సర్ ఆపరేషన్‌కు మాస్కో వెళ్ళినప్పుడు, వెనకాల కర్రలు బయటికి వచ్చాయి. ఆమె తిరిగొచ్చాక కొంత తగ్గాయి. యూదులు ఇజ్రాయెల్ వెళ్ళడానికి తలుపులు తెరిచి ఉంచిందీ ఆమేనట. రెండేళ్ళలో సుమారు లక్షమంది వెళ్ళారు. ఇదంతా ఇంటావిడకు చెప్పాను. గింజలు తీయడం ఆపకుండానే, "మరి మా గోధుమలు ఎటు పోయినట్టు?" అంది. నేనేం చెప్పను?

మా తాతయ్య ఉంటే ఈ దస్తావేజుల మీద గంటసేపు వాదించేవాడు. 1951లో మన చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌ను కలిసిన సంగతి ఆయనకు కంఠతా వచ్చు. తెలంగాణ సాయుధ పోరాటం ఆ ఏడాది అక్టోబరులో ఆగింది. మునగాల పక్క ఏ వాగు దాటాలో మాస్కోను అడగాలా అని ఒకరంటే, అడిగితే తప్పేంటని తాతయ్య. ఆయన గదిలో గోడకు స్టాలిన్ పటం, దాని కింద ప్రగతి ప్రచురణాలయం వాళ్ళ పుస్తకాలు. విశాలాంధ్ర షాపులో చిల్లర డబ్బులకు దొరికే ఆ నున్నటి కాగితం వాసన నాకిప్పటికీ గుర్తే. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్ళు మాస్కో చలిలో కూర్చుని తెలుగు చేసి పంపితేనే కదా మన ఇళ్ళలోకి మంచు దిగింది. ఇప్పుడు నా కిటికీ బయట అసలు మంచే పడుతుంది. చదివినంత బాగుండదు. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడితే ఎవరింట్లోనైనా పప్పు తాలింపు వాసన వస్తుందేమోనని మెట్లెక్కుతూ ఆగుతాను. రాదు.

అనా చివరికి చేసిందీ అనువాదాలే. 1952 మేలో దేజ్ ఆమెనూ, తోటి నాయకులు వాసిలె లూకానూ, తెయోహరి జోర్జెస్కునూ పార్టీ పీఠాల నుంచి దించేశాడు. దానికి స్టాలిన్ ఆశీస్సులున్నాయి. గొడుగు జోకును తిప్పి చదువుకోవాల్సింది ఇక్కడే. మాస్కో వాన ఆమె మీదే కురిసింది. 1953 ఫిబ్రవరిలో అరెస్టు, రాత్రింబవళ్ళు ప్రశ్నలు. మార్చిలో స్టాలిన్ పోయాడు. ఏప్రిల్‌లో వదిలేశారు. ఆ చావు కబురు జైలు నుంచి బయటికొచ్చాకే తెలిసి ఆమె ఏడ్చిందనీ, ఏడవకు, ఆయన బతికుంటే నువ్వుండేదానివి కావని పార్టీ మనిషి అన్నాడనీ చెబుతారు. ఈ ఒక్క ముక్క దగ్గర ఆమె మీద నాకు జాలీ కోపమూ కలిసే వస్తాయి.

తర్వాత ఒక ప్రచురణ సంస్థకు ఫ్రెంచి, జర్మన్ పుస్తకాలు రొమేనియన్‌లోకి చేసి పెడుతూ బతికింది. 1960 జూన్‌లో కేన్సర్‌తో పోయింది.

ఆమె పోయిన మరుసటి ఏడు దేజ్ పార్టీ సభలో లేచి, ఉమ్మడి సేద్యం పేరుతో ఎనభై వేల మందికి పైగా రైతులను కోర్టులకీడ్చారని లెక్క చెప్పాడు. చేసింది అనా పౌకర్ ముఠా అన్నాడు. ఆ రైతులను ఈడ్చిన ఏళ్ళన్నిటా పార్టీ ప్రధాన కార్యదర్శి ఆయనే. దేశమంతటా ఉమ్మడి సేద్యం పూర్తయిందని గొప్పగా ప్రకటించింది కూడా ఆయనే, 1962లో. అప్పటికి ఆమె పోయి రెండేళ్ళు.